గుంటూరు నియోజకవర్గము - నల్లపాటివారి వోటు



నల్లపాడు పేరు చెప్పినంతనే మన ప్రాంతమువారికి రైలు కూడలి స్ఫురించును. గుంతకల్లు పోవు దారియు, నడికుడి మీదుగా పగిడిపల్లి పోవు దారియు అచ్చటనే చీలును. రైలు టిక్కెట్టు కొనునప్పుడు నల్లపాడు వేఱు, గుంటూరు వేఱు. ఇంటిపన్ను కట్టునప్పుడు మాత్రము రెండును ఒక్కటే. ఏలయన 2012వ సంవత్సరమున నల్లపాడు, గోరంట్ల, పెదపలకలూరు, చౌడవరము, ఏటుకూరు, బుడంపాడు మొదలగు పది గ్రామములు గుంటూరు నగరపాలక సంస్థలో కలిసినవి. కాని శాసనసభకు సభ్యునెన్నుకొను వేళ నల్లపాటివారు గుంటూరు తూర్పునకు గాని పడమరకు గాని చెందరు; ప్రత్తిపాటి నియోజకవర్గమువారగుదురు. పార్లమెంటు ఎన్నికలో మరల గుంటూరివారే. ఈ చిక్కు ఎట్లు వచ్చినదో మనవి చేయదలచితిని.

పూర్వము వోటనునది పన్ను కట్టువాని సొత్తు. 1919 చట్టము ననుసరించి 1920లో చెన్నపట్టణపు శాసనమండలికి ఎన్నికలు జరిగినప్పుడు, శిస్తో మఱియొక పన్నో తగినంత చెల్లించువారికే జాబితాలో చోటు దొరకెను. 1935 చట్టము ఆ జాబితాను పెంచినది గాని, అప్పటికిని జనములో ఇంచుమించు ఏడవవంతునకే వోటు. కూలివానికి, ఆస్తిలేని యాఁడుదానికి ఎన్నిక యనునది ఊరివారి పెండ్లివలె చూచి పోవలసినదే. ఇందొక వింత గలదు. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరిగారి నాయకత్వమున పన్నుల నిరాకరణ సాగించిన పెదనందిపాడు నేడు ఈ ప్రత్తిపాటి నియోజకవర్గములోనిదే. ఏ శిస్తు వోటునకు మూలమో, ఆ శిస్తునే కట్టబోమని భీష్మించిన పల్లెలవి!

1950లో రాజ్యాంగము వచ్చి ఈ ముడిని త్రెంచినది. ఆస్తితో, చదువుతో, శిస్తుతో పనిలేక 21 ఏండ్లు నిండిన ప్రతివానికిని, ప్రతి స్త్రీకిని వోటు కలిగెను. 1989లో ఆ వయస్సు 18కి దిగినది. గుంటూరు ఇంకను మద్రాసు రాష్ట్రములో నుండగా 1952లో జరిగిన మొదటి ఎన్నికలో ఇచ్చటివారు ఏ కక్షకును చెందని ఎస్. వి. లక్ష్మీనరసింహముగారిని పార్లమెంటునకు పంపిరి. పిమ్మట 1957 మొదలు 1977 వఱకు కొత్త రఘురామయ్యగారు వరుసగా అయిదు మారులు గెలిచిరి. 1980, 1984, 1989 సంవత్సరములలో నిడుబ్రోలువారైన ఆచార్య రంగాగారు, 1991లో లాల్‌జాన్ బాషాగారు ఎన్నికైరి. తర్వాతివారు మీరెఱిగినవారే గనుక ఆ పట్టిక చదువను. 2024లో గెలిచినవారు పెమ్మసాని చంద్రశేఖర్‌గారు.

ఇక నియోజకవర్గపు కూర్పు. రాష్ట్రమునకు పార్లమెంటులో 25 స్థానములు, శాసనసభలో 175. కాబట్టి ఒక్కొక్క పార్లమెంటు స్థానమునకు ఏడేసి శాసనసభా నియోజకవర్గములు. గుంటూరి పాలివి తాడికొండ, మంగళగిరి, పొన్నూరు, తెనాలి, ప్రత్తిపాడు, గుంటూరు తూర్పు, గుంటూరు పడమర. తెనాలి, పొన్నూరు కృష్ణ కాలువల క్రింది మాగాణి. మంగళగిరి చేనేతకు పేరుపడినది. తాడికొండలో అమరావతి రాజధాని పల్లెలు అనేకము గలవు. ప్రత్తిపాడు నల్లరేగడి మీద ప్రత్తి, మిరప పండు మెట్ట. ఆ మిరప అమ్ముడుపోవు యార్డు గుంటూరు నగరములోనిది. తెనాలికి ఒకప్పుడు వేఱుగా పార్లమెంటు స్థానముండెడిది. 2009 ఎన్నికనాటికి అది రద్దై తెనాలి గుంటూరిలో చేరెను.

ఈ మార్పునకు కారణము పునర్విభజన. జనగణన జరిగినప్పుడెల్ల నియోజకవర్గముల ఎల్లలను సరిచేయవలెనని రాజ్యాంగము చెప్పుచున్నది. 1976లో నలుబది రెండవ సవరణ ఆ పనిని నిలిపినది. పిమ్మట స్థానముల సంఖ్య మార్చకయే, 2001 జనగణన ననుసరించి ఎల్లలు మాత్రము తిరిగి గీసిరి. ఆ గీత 2008లో అమలులోనికి వచ్చి, 2009 ఎన్నికలో మొదట వాడుకకు వచ్చెను. గుంటూరు ఒకటి, రెండు అను పాత స్థానములకు బదులు తూర్పు, పడమర లేర్పడినదియు అప్పుడే. అప్పటికి నల్లపాడు పంచాయతీ. నాలుగేండ్లకు నగరములో కలిసెను. నగరపు ఎల్ల జరిగినది, నియోజకవర్గపు ఎల్ల జరుగలేదు. చిక్కంతయు ఇంతే.

ప్రత్తిపాడు 2009 నుండి షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకింపబడిన స్థానము. దీనిని గూర్చి పల్లెలలో ఒక అపోహ వినుచుందును. ప్రత్యేకింపబడినది అభ్యర్థిత్వమే గాని వోటు కాదు. అన్ని కులములవారును అచ్చట వోటు వేయవచ్చును. నిలుచువారు మాత్రము షెడ్యూల్డు కులములవారై యుండవలెను. 1932 నాటి పూనా ఒడంబడిక నుండియు వచ్చుచున్న పద్ధతి యిదే.

నా మతమున ఈ కూర్పువలన ఇరుప్రక్కలవారికిని కొంత నష్టమున్నది. నల్లపాటి వీథివానికి మురుగుకాలువయు, మంచినీటి గొట్టమును కావలెను. కాకుమాను రైతునకు పంట ధరయు, డొంకదారియు కావలెను. శాసనసభ్యుడొక్కడే. పట్టణపు కాలనీలు పెరుగుకొలది ఎవరి మాట హెచ్చుగా వినబడునో ఊహింపవచ్చును. పల్లె పెద్దలు ఈ సంగతి గమనింపవలసియున్నది.

వోటరు జాబితా మాట. కొడుకు నల్లపాటిలో ఇల్లుకట్టి కాపురముండును, వోటు మాత్రము స్వగ్రామమున నుంచుకొనును. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము ఒక్క మనుష్యుని పేరు రెండు నియోజకవర్గములలో నుండరాదు. సాధారణముగా ఎచ్చట నివసించునో అచ్చటనే వోటు. ఊరిలో ఇల్లున్నంత మాత్రమున నివాసమున్నట్లు కాదని చట్టమే స్పష్టముగా చెప్పినది.

2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు పార్లమెంటు స్థానములనే కొలబద్దగా తీసికొనుటచే, ఇప్పటి గుంటూరు జిల్లాకును ఈ ఏడు నియోజకవర్గములే మిగిలినవి. కలెక్టరు కచ్చేరి ఎవరికి ఎంత దూరమనునది గూడ వోటు గీతయే నిర్ణయించినదన్నమాట. 2026 తరువాతి మొదటి జనగణన పిమ్మట స్థానముల సంఖ్యను మార్చవచ్చునని రాజ్యాంగము చెప్పుచున్నది. వెనుకటి పునర్విభజనలో చిత్తు ప్రతిపాదనలను ముందు ప్రకటించి, ఆక్షేపణలు వ్రాతమూలముగా స్వీకరించి, బహిరంగముగా విచారించిరి. నల్లపాడు నగరపు స్థానములో చేరవలెనా, మెట్టపల్లెలతోనే యుండవలెనా యని వ్రాసి పంపదలచువారు ఆ ప్రకటన వెలువడినప్పుడే, గడువు దాటకముందే పంపవలెను.