అందరికీ ఇచ్చి... తనకేం మిగుల్చుకోలేదు!

వెండితెర మీద పోతన ఆయనే, త్యాగయ్య ఆయనే, వేమన ఆయనే. ఆ పాత్రల్లోని వైరాగ్యం నాగయ్య సొంత జీవితంలోకీ వచ్చేసింది.

రేణిగుంట జంక్షన్‌లో ఓ దారి తిరుపతి, పాకాల మీదుగా చిత్తూరు వెళుతుంది. మరోటి చెన్నైకి పోతుంది. చిత్తూరులో నాటకాలాడిన ఓ కుర్రాడు చెన్నపట్నం చేరి దక్షిణాదికే పెద్ద నటుడయ్యాడు. అయినా ఊరిని మాత్రం పేరులోనే ఉంచుకున్నాడు. ఆయనే చిత్తూరు నాగయ్య.

1904లో పుట్టిన నాగయ్యకు పాటే పెట్టుబడి. 1938లో 'గృహలక్ష్మి'తో తెరకెక్కారు. మరుసటి ఏడాది బి.ఎన్‌.రెడ్డి తీసిన 'వందేమాతరం'తో హీరో అయ్యారు. 'సుమంగళి', 'దేవత' వరసగా వచ్చాయి. పద్యాన్ని రాగం తీసి సాగదీసే నాటకాల పద్ధతి సినిమాల్లో ఇంకా పోని రోజులవి. నాగయ్య మాత్రం పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే పాడేవారు.

1943లో కె.వి.రెడ్డి తొలిసారి దర్శకత్వం వహించిన 'భక్త పోతన' ఆయన్ని ఇంటింటికీ చేర్చింది. 1946లో 'త్యాగయ్య'... అందులో నటన, దర్శకత్వం రెండూ ఆయనవే. 1947లో 'యోగి వేమన'. హాలీవుడ్‌లో పాశ్చర్‌, జోలా వంటి మహనీయుల పాత్రలకు పేరుపడ్డ పాల్‌ మునితో ఆయన్ని పోల్చారు. తమిళులకూ ఆయన ఆప్తుడే. 1945 నాటి 'మీరా'లో ఎం.ఎస్‌.సుబ్బులక్ష్మి సరసన రాణా ఆయనే.

డబ్బుకు కొదవలేదు. దక్షిణాదిలో అత్యధిక పారితోషికం తీసుకున్న నటుల్లో ఆయనొకరు. అయితే ఆ డబ్బు ఇంట్లో నిలవలేదు. గుమ్మంలోకి వచ్చి చెయ్యి చాచినవాళ్లకు లేదనడం ఆయనకు చేతకాదు. వేషాల కోసం మద్రాసు చేరినవాళ్లకు ఆ ఇంట్లో అన్నం దొరికేది. ఎవరికెంత ఇచ్చారో లెక్క రాసుకునే అలవాటూ లేదు. దానికి తోడు సొంత సినిమాలు. 1953 నాటి 'నా ఇల్లు' దెబ్బతీసింది. 1964లో 'రామదాసు' తీశారు. ఖజానా సొమ్ము గుడికి పెట్టి చెరసాల పాలైన భక్తుడి కథ అది. ఆ సినిమా కూడా ఆయన్ని ఒడ్డున పడేయలేదు.

1965లో పద్మశ్రీ వచ్చింది. గౌరవం పెరిగింది గానీ గడవడం కష్టంగానే ఉంది. ఒకప్పటి హీరో తండ్రిగా, తాతగా, సాధువుగా చిన్న వేషాలు వేసుకుంటూ వచ్చారు. 'లవకుశ'(1963)లో వాల్మీకిని చూసినవాళ్లెవరికీ అది చిన్న వేషంలా అనిపించదు. అది వేరే సంగతి! 1973 డిసెంబరు 30న కన్నుమూసేనాటికి ఆయన దగ్గర చెప్పుకోదగ్గ ఆస్తేమీ లేదు.

'సంపాదించింది దాచుకోకపోతే నాగయ్యగారిలా అవుతావు' అని సినిమావాళ్లు కొత్తవాళ్లకు జాగ్రత్త చెప్పేవారు. ఆ మాట నిజమే. ఆయన చేతి అన్నం తిని నిలదొక్కుకున్నవాళ్లను అడిగితే మాత్రం ఇంకో నిజం చెప్పేవారు. చిత్తూరు కళాక్షేత్రానికి పెట్టుకున్నది దాచుకున్నవాళ్ల పేరు కాదు, నాగయ్య పేరే!