చిన్న వ్యాపారమునకు పెట్టుబడి

కుట్టుమిషను ఒకటి ఉన్న ఇంటిలో రెండవది కొనవలెనన్న ఆశ ఉంటుంది. తోపుడు బండిపై ఇడ్లీలు అమ్మేవారికి చిన్న గది ఒకటి అద్దెకు తీసుకోవలెనని ఉంటుంది. పనితనము ఉన్నది, కొనేవారున్నారు, చేతిలో డబ్బు మాత్రము లేదు. ఇట్టి కుటుంబములవారు "అప్పు ఎక్కడ దొరుకుతుంది?" అని మమ్మును అడుగుతుంటారు. అప్పు వీధి చివరనే దొరుకుతుంది. దాని వెల ఎంత అని అడిగేవారే తక్కువ.

రోజువారీ ఫైనాన్సు సంగతి చూడండి. పత్రము మీద పదివేలు వ్రాయించుకొని, ముందే వెయ్యి పట్టుకొని, చేతికి తొమ్మిది వేలు ఇస్తారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు కట్టాలి. "పదివేలకు వెయ్యేగదా!" అని మనము తృప్తిపడతాము. కాని ఆ తొమ్మిది వేలు నూరు రోజులూ మన దగ్గర ఉండవు. మొదటి రోజు నుండే తిరిగి వెళ్లిపోతుంటాయి. సగటున మన చేతిలో నిలిచేది నాలుగున్నర వేలు. దాని మీద నూరు రోజులకు వెయ్యి రూపాయలంటే, ఏడాదికి నూటికి సుమారు 80 రూపాయల వడ్డీ అన్నమాట! నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినదైనా ఏడాదికి 36 శాతము అవుతుంది. పొద్దున కొని సాయంత్రానికి అమ్మే కూరగాయల బేరము ఈ బరువును కొన్నాళ్లు మోయగలదేమో. రెండు మూడేళ్లకు గాని పెట్టిన సొమ్ము తిరిగిరాని కుట్టుమిషనును ఈ డబ్బుతో కొనవద్దని మా సలహా.

బ్యాంకు అనగానే చాలామంది వెనుకాడతారు. 2015 ఏప్రిల్‌లో ప్రారంభమైన ముద్రా పథకములో శిశు అప్పు రూ. 50,000 వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు ఉంటుంది. ఆస్తి తాకట్టు పెట్టనక్కరలేదు. అయితే ఇందులో సబ్సిడీ లేదు. ఉన్నదని ఎవరో చెప్పగా వెళ్లి నిరాశపడినవారు ఎందరో. ఫైలు నడిపిస్తామని కమీషను అడిగేవారిని గుమ్మము దగ్గరే పంపివేయండి.

మేనేజరుకు మనమెవరమో తెలియదు గనుక పాసుపుస్తకము చూస్తారు. అమ్మకపు డబ్బులో కొంత, రోజుకు రెండు మూడు వందలైనా సరే, ఆరు నెలలపాటు ఖాతాలో వేస్తే ఆ పుస్తకమే మన తరఫున మాట్లాడుతుంది. మిషను అమ్మే దుకాణము నుండి కొటేషను తీసుకొని వెళ్లండి. సాధారణంగా బ్యాంకు ఆ సొమ్మును నేరుగా దుకాణమునకే పంపుతుంది.

స్త్రీలకు మరొక దారి పొదుపు సంఘము. 1992లో నాబార్డు ఇట్టి సంఘములను బ్యాంకులతో కలపడము ప్రారంభించింది. మన పల్లెలలో డ్వాక్రా అంటేనే అందరికీ తెలుస్తుంది. తాము దాచిన డబ్బును తమలో తామే అప్పిచ్చుకొని, సక్రమముగా తీర్చి, పుస్తకములో వ్రాసుకొన్న సంఘమునకు బ్యాంకు ధైర్యముగా ఇస్తుంది. ఇరుగుపొరుగు స్త్రీల మాటే ఇక్కడ హామీ.

ఆ హామీనే తప్పుగా వాడుకొంటే ఏమవుతుందో మన రాష్ట్రము 2010లో చూసింది. ఒకే ఇంటికి మూడు నాలుగు మైక్రోఫైనాన్సు కంపెనీలు అప్పులిచ్చాయి. ఒకరి వాయిదాకు మరొకరి దగ్గర తెచ్చి కట్టారు. వసూళ్ల ఒత్తిడికి ప్రాణములు పోయాయన్న వార్తలు వచ్చాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి వారపు వసూళ్లకు అడ్డుకట్ట వేసింది. కంపెనీలు కొత్త అప్పులు ఇవ్వడము చాలావరకు మానివేశాయి. బాగుగా కట్టుచున్న చిన్న వ్యాపారికి కూడ అప్పు పుట్టలేదు.

బ్యాంకుకు వెళ్లే ముందు ఇంటిలో భార్యాభర్తలు కూర్చొని కాగితము మీద వేసుకోవలసిన లెక్క ఒకటి ఉన్నది. 12 శాతము వడ్డీకి మూడేళ్లలో తీర్చేలా రూ. 50,000 తీసుకొంటే నెలకు దాదాపు రూ. 1,660 వాయిదా పడుతుంది. అంటే రోజుకు 55 రూపాయలు. ఫైనాన్సువారి తొమ్మిది వేలకు కట్టేది రోజుకు నూరు! అయినను ఈ 55 రూపాయలు పనిలేని రోజున కూడ రావాలి. కుట్టుపనివారికి క్రిస్మసుకు ముందు రెండు నెలలు నిద్ర ఉండదు, జనవరి దాటితే మిషను ఖాళీగా ఉంటుంది. డిసెంబరు రాబడిలో నుండే ఫిబ్రవరి, మార్చి వాయిదాలు తీసి ఖాతాలో విడిగా ఉంచండి.