టర్బోచార్జరు వద్ద నూనె కారుట: కారణములు, మరమ్మతు

మగ్గము మీద తెల్లని తువ్వాలు నేయుచుండగా దానిపై నూనె మచ్చ పడినదనుకొందము. పని తెలిసిన జాబరు ఆ మచ్చను తుడిచి యూరకుండడు. తల యెత్తి పైకి జూచును. ఏ బేరింగు వద్ద నూనె యెక్కువైనది, అది యే ఇనుప కడ్డీ వెంట జారి వచ్చినది, ఎచ్చట బొట్టుగా నిలిచి గుడ్డపై రాలినది అని వెదకును. మచ్చ పడిన చోటు వేరు, నూనె బయలుదేరిన చోటు వేరు. నేతపేటలలో పుట్టి పెరిగిన వారికి ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. మోటారు కారులో టర్బోచార్జరు వద్ద నూనె కారినప్పుడును ఇదే న్యాయమును పాటింపవలెను. పాటింపనందువలన అనేకులు వృథాగా ధనము పోగొట్టుకొనుచున్నారు.

ఈ విషయము మనకెందులకని విద్యార్థులు అడుగవచ్చును. పుణె నుండి హైదరాబాదు, విజయవాడల మీదుగా మచిలీపట్నము వఱకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి మన సోలాపురము గుండా సాగుచున్నది. మన దుప్పట్లు, తువ్వాళ్లు ఈ దారినే పోవును. తెలంగాణములోని బంధువుల యిండ్ల పెండ్లిండ్లకు మనమును ఈ దారినే పోవుదుము. మన పేటలలో కారో, టెంపోయో నడిపి కుటుంబమును పోషించు వారును కలరు. అట్టి యింట బండి నిలిచినచో ఆ పూట సంపాదన నిలిచినట్లే. గ్యారేజీలో మాటలు మరాఠీలోనో, హిందీలోనో సాగును. “టర్బో పోయినది, క్రొత్తది వేయవలెను” అని మేస్త్రీ చెప్పగానే, ఏమి యడుగవలెనో తెలియక తండ్రి తల యూపును. ఏ భాషలో నడిగినను సరే, అడుగవలసిన ప్రశ్న మనకు ముందు తెలిసియుండవలెను.

టర్బోచార్జరనగా నేమి? ఇంజనులో ఇంధనము మండిన పిదప వేడిపొగ సైలెన్సరు గుండా బయటకు పోవును. ఆ పొగలో ఇంకను శక్తి మిగిలియుండును. దానిని వ్యర్థముగా పోనీయక ఒక చిన్న చక్రమును త్రిప్పుటకు వినియోగింతురు. ఈ చక్రమునకు టర్బైనని పేరు. ఒకే ఇరుసునకు ఈ కొన టర్బైను, ఆ కొన కంప్రెసరు అను మఱియొక చక్రము నుండును. టర్బైను తిరిగినప్పుడు కంప్రెసరును తిరిగి, బయటిగాలిని పీల్చి, ఒత్తి, ఇంజనులోనికి పంపును. ఎక్కువ గాలి వచ్చినచో ఎక్కువ ఇంధనము మండును. చిన్న ఇంజనే ఎక్కువ బలము నిచ్చును.

ఈ ఉపాయమునకు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో పేటెంటు పొందెను. మొదట ఓడల ఇంజనులలో వాడుకకు వచ్చిన ఈ యంత్రము 1962లో అమెరికాలో అమ్మకపు కార్లలో ప్రవేశించెను. 1978లో మెర్సిడెస్ బెంజ్ కంపెనీ టర్బో గల డీజిల్ కారును విడుదల చేసెను. మన దేశమున 2007లో వచ్చిన స్విఫ్ట్ డీజిల్ వంటి కార్లతో ఇది సామాన్య కుటుంబముల వాకిళ్లకును చేరినది.

సాదా పవర్‌లూములో నాడె నిమిషమునకు 100కు పైగా మార్లు అటునిటు పోవును. కారు టర్బోలోని ఇరుసు నిమిషమునకు 1,00,000 చుట్లను మించి తిరుగగలదు. ఇంత వేగమును లోహము లోహమునకు తగులుచు భరింపజాలదు. కావున ఇరుసు సన్నని నూనెపొర మీద తేలుచు తిరుగునట్లు ఏర్పాటు చేసిరి. ఇంజనులోని ఆయిలు పంపు ఒత్తిడితో నూనెను సన్నని గొట్టము ద్వారా పైనుండి టర్బోలోనికి పంపును. బేరింగులను తడిపి చల్లబఱచిన ఆ నూనె, క్రిందనున్న లావుపాటి గొట్టము ద్వారా తన బరువు చేతనే జారి, ఇంజను అడుగుననున్న తొట్టికి చేరును. వచ్చునప్పుడు ఒత్తిడి కలదు. పోవునప్పుడు వాలు తప్ప వేఱు ఆధారము లేదు. ఈ యొక్క మాట జ్ఞాపకముంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

ఇరుసు రెండు కొనల వద్ద నూనె బయటకు పోకుండ సన్నని లోహపు రింగులుండును. ఇవి సీసామూత వలె పూర్తిగా బిగించునవి కావు. చక్రముల వైపున గాలి, పొగల ఒత్తిడి సాధారణముగా ఎక్కువ; నడుమ నూనె గదిలో తక్కువ. ఆ తేడాయే నూనెను లోపల నిలుపుచున్నది. తేడా తలక్రిందులైనచో రింగులు క్రొత్తవైనను నూనె కారును. తల క్రిందులగుటకు ముఖ్యకారణములు మూడు.

మొదటిది, నూనె తిరిగిపోవు గొట్టము మడ్డితో పూడుకొనిపోవుట, లేక వంగి నొక్కుకొనిపోవుట. తూము మూసిన తొట్టిలోనికి నీరు వచ్చుచునేయుండినచో అంచుల మీదుగా పొరలును గదా, ఇదియు నట్లే. తొట్టిలో నూనెను మితిమీరి నింపినను ఇదే జరుగును. రెండవది, ఇంజను లోపలి ఆవిరి బయటకు పోవు బ్రీదరు గొట్టము మూసికొనుట, లేక పిస్టను రింగులు అరిగి లోపలి ఒత్తిడి పెరుగుట. అప్పుడు క్రిందనుండి వచ్చు ఒత్తిడి నూనెను జారనీయదు. మూడవది, ఎయిర్ ఫిల్టరు పూడుకొనుట. అప్పుడు గాలి దొరకని కంప్రెసరు నూనెగదిలోని నూనెనే పీల్చును. మన వేసవి దుమ్మునకు తోడు, మగ్గముల సందులలో ప్రత్తినూగు ఎగురుచుండును. కావున మన పేటలో నిలుపు కారునకు ఫిల్టరును తఱచుగా చూచుకొనుట మేలు.

ఇక పరీక్షకు వత్తము. ఇది పెద్దల సమక్షమున, ఇంజను పూర్తిగా చల్లారిన పిదప చేయవలసిన పని. టర్బైను వైపు వందల డిగ్రీల వేడి నుండును. దానిపై పడిన నూనె అంటుకొనవచ్చును. ముందు డిప్‌స్టిక్కుతో నూనె మట్టము చూచి వ్రాసికొనవలెను. పిమ్మట టర్బోను, దాని గొట్టములను శుభ్రముగా తుడిచి ఆఱనిచ్చి, కొంతసేపు ఇంజను నడిపి, ఆపి, చల్లారిన పిదప తెల్లని గుడ్డతో ఒక్కొక్క అతుకును అద్ది చూడవలెను. ఎల్లప్పుడు పైనుండి క్రిందికి చూచుకొనుచు రావలెను. ఇంజను తలమూత గాస్కెటు నుండి కారిన నూనె టర్బో మీదికి జారి, టర్బో దోషము వలె కనబడుట కలదు. పై గొట్టపు అతుకు తడిసినచో దాని రాగి వాషర్లను, క్రింది అతుకు తడిసినచో అచ్చటి గాస్కెటును అనుమానింపవలెను. ఇవి స్వల్పమైన ఖర్చుతో పోవు దోషములు.

బయట పొడిగానుండి, నూనె మాత్రము తగ్గుచు, సైలెన్సరు నుండి నీలిపొగ వచ్చుచున్నచో, నూనె లోపలికి పోవుచున్నదని గ్రహింపవలెను. అప్పుడు కంప్రెసరు గాలిగొట్టమును విప్పి చూతురు. లోపల పలుచని జిడ్డు కనబడినంత మాత్రమున భయపడనక్కరలేదు; బ్రీదరు ఆవిరి వలన అది సహజముగా ఏర్పడును. నూనె మడుగుగా నిలిచినచో అది దోషము. తరువాత ఇరుసును వ్రేళ్లతో పట్టి కదల్చి చూతురు. ప్రక్కలకు అతిస్వల్పముగా కదలుట నూనెపొరకై విడిచిన జాగా. ముందు వెనుకలకు తెలియునట్లు కదలినను, రెక్కలు గోడకు ఒరసికొన్న గీతలున్నను బేరింగులు అరిగినవని నిశ్చయింపవచ్చును. అప్పుడు మాత్రమే టర్బోను విప్పి బాగుచేయించుటయో, మార్చుటయో అవసరము.

మరమ్మతులో కొన్ని నియమములు కలవు. విప్పిన రాగి వాషరును, గాస్కెటును మరల వాడరాదు. అతుకులకు జిగురు మందు పూయరాదు. దాని తునక యొకటి నూనెదారిలో పడినచో బేరింగులు ఎండిపోవును. బోల్టులను కంపెనీ పుస్తకములో చెప్పిన బిగువుకే బిగింపవలెను. క్రొత్త టర్బో వేసినను, రెండు నూనెగొట్టములు, బ్రీదరు, ఎయిర్ ఫిల్టరు శుభ్రము చేయనిచో క్రొత్తదియు అట్లే కారును. నూనెను, ఆయిలు ఫిల్టరును మార్చి, టర్బోలో కొంచెము శుభ్రమైన నూనె పోసి, పిదపనే ఇంజను నడుపవలెను. ఇంటర్‌కూలరులో నిలిచిన పాతనూనెను తప్పక తీసివేయవలెను.

ఈ చివరి మాటను అలక్ష్యము చేయరాదు. డీజిల్ ఇంజను గాలితోపాటు వచ్చు నూనెనే ఇంధనముగా మండించుకొని, తాళముచెవి త్రిప్పినను ఆగక, వేగము పెంచుకొనుచు పోగలదు. అట్టి యింజను బ్రద్దలై ముక్కలు ఎగురవచ్చును. అట్లు జరిగినప్పుడు పిల్లలు దూరముగా తొలగిపోవలెను. గాలిగొట్టమునకు చేయి అడ్డము పెట్టరాదు. నీలిపొగ దట్టముగా వచ్చు బండిని “రేపు చూతములే” అని దూరప్రయాణమునకు తీయరాదు.

టర్బో చెడకుండ కాపాడుకొనుట కష్టము కాదు. చెప్పిన రకపు నూనెను చెప్పిన గడువునకు మార్చుట, స్టార్టు చేసిన వెంటనే వేగము పెంచకుండుట, రహదారి మీద వేగముగా వచ్చిన పిదప ఒకటి రెండు నిమిషములు ఇంజనును మెల్లగా నడిపి ఆపుట చాలును. వెంటనే ఆపినచో నిలిచిన నూనె ఆ వేడికి మాడి బొగ్గై, సన్నని గొట్టమును పూడ్చును.

కావున విద్యార్థులారా, మీ తండ్రితో గ్యారేజీకి పోయినప్పుడు మేస్త్రీని మర్యాదగా ఈ నాలుగు ప్రశ్నలు అడుగుడు: నూనె మొదట తడిసిన చోటు ఏది? తిరిగిపోవు గొట్టము చూచితిరా? బ్రీదరు, ఎయిర్ ఫిల్టరు చూచితిరా? ఇరుసు ఎంత కదలుచున్నది? మంచి పనివాడు ఈ ప్రశ్నలకు కోపగింపడు, విప్పి చూపును. మచ్చను జూచి తల పైకెత్తుట మన పెద్దలు మగ్గము వద్ద నేర్చిన విద్య. దానిని ఇంజను వద్దకు కొనిపోవుట మన వంతు.