‘లోబడి’ అనే మాట

గాజువాకలో మా తొమ్మిదో తరగతి కుర్రవాడొకడు అడిగాడు: “మాస్టారూ, ఉక్కు ఫ్యాక్టరీ అమ్మొద్దని మన అసెంబ్లీ తీర్మానించింది కదా, అది చెల్లదా?” వాడి తండ్రి అక్కడ కాంట్రాక్టు కార్మికుడు. సోషలు మాస్టారిని అడగమని తప్పించుకోవచ్చు. కాని జవాబు ఒక వాక్య నిర్మాణంలో ఉంది గనుక తెలుగు మాస్టారికీ ఇందులో పని ఉంది.

రాజ్యాంగం 246వ అధికరణం శాసనాధికారాన్ని కేంద్ర, రాష్ట్ర, ఉమ్మడి జాబితాలుగా పంచింది. మన తీరమే దీనికి పాఠ్యపుస్తకం. విశాఖ రేవు మేజర్ పోర్టు గనుక కేంద్ర జాబితా 27వ అంశం కిందికి వస్తుంది. దాని పొరుగునున్న గంగవరం రేవును అలా ప్రకటించలేదు. అది ఉమ్మడి జాబితా 31వ అంశం. సముద్రం ఒకటే, ప్రకటన వేరు. ఉమ్మడి అంశంలో రెండు చట్టాలు పొసగకపోతే 254వ అధికరణం ప్రకారం సాధారణంగా కేంద్ర చట్టానిదే పైచేయి.

ఇక ఉక్కు. పరిశ్రమలు రాష్ట్ర జాబితాలోనే, 24వ అంశంగా ఉన్నాయి. అయితే కేంద్ర జాబితాలోని 7, 52 అంశాలకు ‘లోబడి’ మాత్రమే. ప్రజాహితం కోసం ఫలానా పరిశ్రమ కేంద్రం అదుపులో ఉండాలని పార్లమెంటు చట్టంలో ప్రకటిస్తే, ఆ మేరకు రాష్ట్రాధికారం తగ్గిపోతుంది. 1951 నాటి పరిశ్రమల చట్టం ఇనుము, ఉక్కు విషయంలో ఆ పని చేసింది. ఇచ్చిన చేత్తోనే తీసుకునే మాట ఇది.

అన్నిచోట్లా ఈ మాట లేదు. మత్తు పానీయాల గురించిన 8వ అంశంలో లేదు. పారిశ్రామిక ఆల్కహాలు మీద రాష్ట్రాలకు అధికారముందని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1 మెజారిటీతో తీర్పు చెప్పడంలో ఆ తేడాకూ పాత్ర ఉంది.

అమ్మకానికి వస్తే, దానికి కొత్త చట్టంతో కూడా పనిలేదు. వాటాలు కేంద్రానివి. 2021 జనవరి 27న మంత్రివర్గ ఉపసంఘం నూరు శాతం వాటాల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. మే 20న మన శాసనసభ వద్దని తీర్మానించింది. తీర్మానం అభిప్రాయమే గాని శాసనం కాదు. 2025 జనవరిలో ప్రకటించిన 11,440 కోట్ల సాయం కూడా ఢిల్లీ నిర్ణయమే.

మరి తీర్మానం వ్యర్థమా? 1966లోనూ నిర్ణయించవలసింది ఢిల్లీయే. జనం వీధికెక్కారు, ప్రాణాలిచ్చారు. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. ఆ ఫలితం ఏ జాబితాలోని అంశమూ ఇచ్చింది కాదు.

కుర్రవాడికి ఇదే చెప్పాను: “తీర్మానం చట్టంగా చెల్లదురా. దాని వెనక ఎంతమంది నిలబడతారన్నదాన్ని బట్టి దాని బలం ఉంటుంది.”