రంగురంగుల పండ్ల పానీయం – ఇంట్లో ఎలా చేసుకోవాలి? ఎవరు తాగాలి?



హోలీ వెళ్ళిందంటే చాలు, మన మరిపెడ బంగ్లా సెంటర్లో పుచ్చకాయల కుప్పలు పడతాయి. చెరకు రసం బండ్లు, సోడా బండ్లు వరుస కడతాయి. మిర్చి ఏరడానికి వెళ్ళే తల్లులు, ఉపాధి హామీ పనికి వెళ్ళేవారు మధ్యాహ్నానికి నాలుక ఎండి ఇళ్ళకు చేరుతారు. పిల్లలకు సెలవులు వస్తాయి. సంఘంలో వి.బి.ఎస్. తరగతులు మొదలవుతాయి. ఈ రోజుల్లోనే మా చిన్న సిస్టర్లు టి.వి.లో చూసి వచ్చి, "మేడమ్, గ్లాసులో మూడు రంగులు విడివిడిగా కనపడే ఫ్రూట్ కాక్‌టెయిల్ ఎలా చేస్తారు?" అని అడుగుతుంటారు. ఓ.పి.కి వచ్చే తల్లులు కూడా అడిగారు. అందుకే ఈసారి దాని గురించే వ్రాస్తున్నాము.

కాక్‌టెయిల్ అనగానే పెద్దలు కొందరు ముఖం చిట్లిస్తారు. నిజమే, పై దేశాల్లో ఆ మాటకు అర్థం సారాయి, పండ్ల రసాలు కలిపిన పానీయం అని. సారాయి లేనిదాన్ని మాక్‌టెయిల్ అంటారు. మనం చేసేది ఆ రెండోది. మద్యం వద్దనడానికి ఎండాకాలంలో ఇంకొక కారణం ఉంది. మద్యం మూత్రాన్ని ఎక్కువ చేస్తుంది. ఒంట్లోంచి పోయే నీళ్ళు ఎక్కువవుతాయి. "కల్లు చలువ సిస్టరమ్మా" అని మాతో వాదించేవారు చాలామంది ఉన్నారు. కల్లు తాగి మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి, మంచం మీద మా దగ్గరకు వచ్చినవారినీ చూశాము.

ఇక తయారీకి వద్దాము. ఆరు గ్లాసులకు సరిపడా చెబుతున్నాము. బాగా పండిన మామిడిపండ్లు రెండు, మధ్యరకం పుచ్చకాయలో సగం, రెండు కొబ్బరి బొండాల నీళ్ళు, ఒక నిమ్మకాయ, గుప్పెడు పుదీనా, రెండు టీస్పూన్ల సబ్జా గింజలు, దొరికితే నాలుగు తాటి ముంజలు. చక్కెర అక్కరలేదు. చదివి చాలామంది చక్కెర వేస్తారని మాకు తెలుసు. కనీసం మొదటిసారి వేయకుండా రుచి చూడండి.

ముందుగా సబ్జా గింజలను ఒక గ్లాసు నీళ్ళలో పావుగంట నుండి ఇరవై నిమిషాలు నాననివ్వాలి. గింజ చుట్టూ జిగురు పొర ఉబ్బి, కప్ప గుడ్లలా కనపడుతుంది. అప్పుడే వాడాలి. పొడి గింజలను నోట్లో వేసుకుంటే గొంతులో ఉబ్బి అడ్డం పడతాయి. పిల్లల విషయంలో మరీ జాగ్రత్త. మామిడి గుజ్జు తీసి, నీళ్ళు కలపకుండా చిక్కగానే మెదపాలి. పుచ్చకాయ ముక్కల గింజలు తీసి మిక్సీ పట్టి వడకట్టాలి. మిక్సీ లేకపోతే శుభ్రంగా కడిగిన చేతితో పిసికి, జల్లెడలో వంపినా అంతే రసం వస్తుంది. కొబ్బరి నీళ్ళలో నిమ్మరసం, నలిపిన పుదీనా, చిటికెడు ఉప్పు వేసి పక్కన పెట్టాలి. మూడింటినీ విడివిడిగా చల్లబరచాలి. ఫ్రిజ్ లేని ఇంట్లో మూత బిగించిన సీసాలకు తడిగుడ్డ చుట్టి, గాలి వచ్చే కిటికీ దగ్గర నీడలో పెట్టండి. కొత్త కుండలో నీళ్ళు చల్లబడేది ఎందుకో ఇదీ అందుకే. నీరు ఆవిరి అవుతూ వేడిని లాక్కుపోతుంది.

గ్లాసులో అడుగున మూడు చెంచాల మామిడి గుజ్జు. దానిమీద పుచ్చకాయ రసం. ఆ పైన కొబ్బరి నీళ్ళు. పోసేటప్పుడు చెంచాను బోర్లించి గ్లాసు అంచుకు ఆనించి, చెంచా వీపు మీదుగా నెమ్మదిగా జారవిడవాలి. గబుక్కున పోస్తే అంతా ఒకే రంగు అవుతుంది. మామిడి గుజ్జు చిక్కన, దానిలో చక్కెర కూడా ఎక్కువ, కాబట్టి బరువు. పుచ్చకాయ రసం దానికంటే తేలిక. కొబ్బరి నీళ్ళు ఇంకా తేలిక. బరువైనది అడుగున, తేలికైనది పైన నిలుస్తుంది. నూనె నీటి మీద తేలినంత ఖచ్చితంగా కాదు, సరిహద్దులు కొంచెం కలుస్తాయి. పసుపు, ఎరుపు, తెలుపు మాత్రం కనపడతాయి. పైన సబ్జా గింజలు, సన్నగా తరిగిన ముంజలు, ఒక పుదీనా రెమ్మ. ఒక చిక్కు ఏమిటంటే మన ఇళ్ళలో స్టీలు గ్లాసులే ఎక్కువ. వాటిలో ఇంత కష్టమూ కనపడదు. కాళీ అయిన గాజు సీసాలు కడిగి పెట్టుకోండి.

ఐదేళ్ళలోపు పిల్లలకు ముంజల ముక్కలు అలాగే వేయవద్దు. జారుడుగా ఉంటాయి, గొంతుకు అడ్డం పడతాయి. మెదిపి ఇవ్వండి.

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం మే 12న నర్సుల దినోత్సవానికి ఇదే పానీయం నలభై గ్లాసులు చేశాము. పండ్లు కడిగాము, చేతులు కడిగాము, అంతా పద్ధతి ప్రకారమే. ఐసు చాలలేదు. బజారు నుండి ఐసు గడ్డ తెప్పించాము. తెమ్మన్నదీ మేమే, రంపపు పొట్టు కడిగి సుత్తితో పగలగొట్టించిందీ మేమే. మర్నాడు సాయంత్రానికి ఐదుగురు సిస్టర్లకు వాంతులు, విరేచనాలు. రెండు రోజులు డ్యూటీ చార్టు తారుమారైంది. రోగులకు రోజూ నీళ్ళు కాచి తాగమని చెప్పేవాళ్ళం మేము. ఆ గడ్డ చేపలు నిలవ ఉంచడానికి చేసినది. ఏ నీటితో చేశారో ఎవరికీ తెలియదు. గడ్డ కట్టినంత మాత్రాన క్రిములు చావవు. చలికి ముడుచుకొని ఉండి, కరిగాక మళ్ళీ లేస్తాయి.

కాబట్టి ఐసు కావాలంటే నీళ్ళు సలసల కాగనిచ్చి, చల్లార్చి, కడిగిన ట్రేలో పోసి ఇంట్లోనే గడ్డ కట్టించండి. ఆ వీలు లేకపోతే ఐసు లేకుండానే తాగండి. పుచ్చకాయను కోయకముందే తొక్కను బాగా కడగాలి. మట్టిలో దొర్లిన కాయ అది. తొక్క మీది మురికిని కత్తి లోపలి గుజ్జు దాకా తీసుకెళ్తుంది. కోసిన పండు, పిండిన రసం మన ఎండలో గంట దాటి బయట ఉంచకూడదు. పొద్దున చేసి సాయంత్రం చుట్టాలకు ఇవ్వడం అసలే వద్దు. మామిడిపండ్లకు కార్బైడ్ వేసి మాగబెట్టడం చట్టరీత్యా నిషేధం. అయినా నమ్మకం లేకపోతే, పక్వానికి వచ్చిన కాయలు తెచ్చి వరిగడ్డిలో పెట్టుకోండి. నాలుగు రోజులు ఆలస్యం, అంతే.

రంగు సంగతి. బజారులో ఎర్ర రసం, నీలం సోడా చూసి, మన పానీయం వెలవెలబోతోందని రంగు పొడి కలిపే తల్లులు ఉన్నారు. మన దేశంలో తినే పదార్థాల్లో కలపడానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. అవి కూడా మామూలుగా కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. చిటికెడు అని మనం వేసేది ఎంతో ఎవరు తూచారు? ఇవి కాక, బట్టలకు వేసే రంగులు తినేవాటిలో చేరడం ఉంది. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే అద్దకపు రంగు దొరికిందని దాని అమ్మకాన్నే నిషేధించింది. ఎరుపు ఇంకా కావాలంటే చిన్న బీట్‌రూట్ ముక్క పిండండి, దానిమ్మ గింజలు వేయండి. బీట్‌రూట్ తిన్న కొందరికి మర్నాడు మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తం అనుకొని భయపడి రాత్రి పదింటికి పరుగెత్తుకొచ్చిన ఒక పెద్దాయనకు మేమే ధైర్యం చెప్పి పంపాము.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ఈ పానీయం మంచిదే గాని మందు కాదు. ఈ తేడా తెలియక జరిగినది ఒకటి చెబుతాము. ఒక మే నెలలో తండా నుండి ఒక అవ్వ రెండేళ్ళ మనవడిని ఎత్తుకొచ్చింది. కళ్ళు లోపలికి పోయాయి, ఏడిస్తే కన్నీళ్ళు లేవు, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచింది. విరేచనాలు మొదలై రెండు రోజులట. "ఏం తాపినవు అవ్వా?" అని అడిగితే, "ఎర్ర రసం డబ్బలు తాపిన సిస్టరమ్మా. బలం వస్తదని అప్పు జేసి తెచ్చిన" అన్నది. ఆమె ప్రేమలో లోటు లేదు. కాని చక్కెర మరీ ఎక్కువైన రసం పేగులోకి వెళ్తే, పేగు ఆ చక్కెరను పలుచన చేయడానికి ఒంట్లోని నీటినే లోపలికి లాగుతుంది. విరేచనం ఆగదు సరికదా, పెరుగుతుంది. సెలైన్ ఎక్కించాక ఆ బాబు మూడో రోజుకు తేరుకొని, నాలుగో రోజు అవ్వ చంకనెక్కి ఇంటికి వెళ్ళాడు.

ఓ.ఆర్.ఎస్. పొట్లంలో లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితోపాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ లెక్కగా ఉంటాయి. లీటరు కూల్‌డ్రింకులో చక్కెర సుమారు 100 గ్రాములు. మనం చేసిన పుచ్చకాయ రసంలో కూడా లీటరుకు 60 గ్రాముల దాకా ఉంటుంది, ఉప్పు ఉండదు. కొద్దిపాటి గ్లూకోజు ఉప్పుతో కలిసి ఉన్నప్పుడే పేగు రెంటినీ జంటగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు వెళ్తుంది. అసలు కిటుకు ఇదే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు పశ్చిమ బెంగాల్ బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగి సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహాలనబిస్ గారు ఈ ఉప్పు, గ్లూకోజు నీళ్ళను డ్రమ్ముల్లో కలిపి తాగించారు. అక్కడ నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగుకు లోపు పడిపోయాయి.

అంగళ్ళలో అట్ట డబ్బాల మీద ఓ.ఆర్.ఎస్. అని పేరు కనపడేలా వ్రాసి తియ్యని పానీయాలు చాలాకాలం అమ్మారు. వాటిమీద హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దాదాపు ఎనిమిదేళ్ళు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ., ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళు లేని ఏ పానీయం మీదా ఆ పేరు ఉండకూడదని ఆదేశించింది. మీరు మాత్రం పొట్లం మీద ఆ పాళ్ళు ఉన్నాయో లేదో చూసి తీసుకోండి. ఆశ కార్యకర్త దగ్గర, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. అర్ధరాత్రి పొట్లం లేకపోతే, కాచి చల్లార్చిన లీటరు నీటిలో సమానంగా గీసిన టీస్పూన్‌తో చక్కెర 6, ఉప్పు అర స్పూన్ కలపండి. రుచి కన్నీటి కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి.

మిర్చి చేనుకు, ఉపాధి పనికి వెళ్ళేవారికి కూడా ఈ రంగుల గ్లాసు సరిపోదు. చెమటలో నీటితోపాటు ఉప్పు పోతుంది. వారికి ఉప్పు వేసిన పలుచని సల్ల, జొన్న గటక, అంబలి, ఉప్పు కలిపిన నిమ్మ నీళ్ళు మేలు. సాయంత్రం ఇంటికొచ్చి చల్లబడ్డాక పండ్ల గ్లాసు తాగితే సంతోషమే.

కొందరు అసలే తాగకూడదు. షుగర్ ఉన్నవారికి రసం కంటే పండు ముక్కలు నయం. రసం పిండితే పీచు పోతుంది, చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. మామిడి పొర తీసేసి, చిన్న కప్పు పుచ్చకాయ ముక్కలు తినండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, డయాలసిస్‌కు వెళ్ళేవారు కొబ్బరి నీళ్ళు డాక్టరును అడగకుండా ముట్టవద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన మూత్రపిండం దాన్ని బయటకు పంపలేదు, అది పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. "కొబ్బరి నీళ్ళే కదా" అని చుట్టాలు తెచ్చి మంచం పక్కన పెట్టి వెళ్తారు, మేము తీసేస్తాము, మామీద కోపం వస్తుంది. రానివ్వండి. ఆరు నెలలలోపు శిశువుకు ఎంత ఎండైనా తల్లిపాలే, మంచినీళ్ళు కూడా వద్దు. ఏడాదిలోపు పిల్లలకు రసం వద్దు, తేనె అసలే వద్దు.

2015 మే నెల వడగాడ్పులకు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, మనిషిని గుర్తుపట్టక, లేదా స్పృహ తప్పి పడిపోతే అది వడదెబ్బ. అప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు, మంచినీళ్ళయినా సరే. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి గట్టిగా విసరండి. 108కి ఫోను చేయండి. బండి వచ్చేదాకా తడపడం ఆపవద్దు.

వి.బి.ఎస్. టీచర్లు లెక్క అడిగారు. అరవై మంది పిల్లలకు చిన్న గ్లాసుల చొప్పున 10 కిలోల పుచ్చకాయ, 4 కిలోల మామిడిపండ్లు, 15 నిమ్మకాయలు, కాచి చల్లార్చిన నీళ్ళు 3 లీటర్లు సరిపోతాయి. అంతమందికి కొబ్బరి నీళ్ళంటే ఖర్చు, అందుకే పైపొరకు పుదీనా నిమ్మ నీళ్ళు. గాజు గ్లాసులు పిల్లల చేతికి ఇవ్వవద్దు. ఒక్క గాజు సీసాలో మూడు పొరలూ పోసి బల్ల మీద పెట్టి చూపించి, తాగడానికి మాత్రం వారి వారి స్టీలు గ్లాసులు తెచ్చుకోమనండి. ఐసు సంగతి ముందురోజే చూసుకోండి.