సామాన్ల షెడ్డు మార్చేటప్పుడు రోగం వెంట రాకుండా చూసుకోండి

పట్టు రైతు సోదరులు పురుగులు మేపే గది మీద చూపే శ్రద్ధ, చంద్రికలు, తట్టలు, స్టాండ్లు, వలలు దాచుకునే పెద్ద షెడ్డు మీద చూపరు. చింతామణి, శిడ్లఘట్ట, హోసూరు వైపు మన తెలుగు పల్లెల్లో ఈ షెడ్డు తరచుగా పెంటదిబ్బ పక్కనో, టమోటా మడి గట్టునో ఉంటుంది. టమోటాకు కొట్టిన మందు గాలికి వచ్చి తట్టల మీద పడితే, తర్వాతి పంటలో పురుగులు కక్కుకుని మెలికలు తిరిగి చనిపోతాయి. అటువంటి షెడ్డును వేరేచోటికి మార్చడం మంచిదే. అయితే పాతచోటి రోగం కూడా బండెక్కి కొత్తచోటికి వస్తే పడిన శ్రమ అంతా వృథా.

గూళ్లు సంతకు పోయిన తర్వాత, మరో పంటకు గుడ్లు చెప్పకముందే ఈ పని పెట్టుకోవాలి. ఆషాఢం గాలిలో రేకులు విప్పవద్దు. గాలి పట్టిన రేకు మనిషిని కూడా ఈడ్చుకుపోతుంది.

చాలామంది ముందు ఊడ్చి, దులిపి, ఆ తర్వాత మందు కొడతారు. ఇది తలకిందుల పని. గ్రాసరీ అనే పాలరోగం, మస్కార్డిన్ అనే సున్నపుకట్టు రోగం క్రిములు ఆ దుమ్ములోనే ఉంటాయి. చీపురు పడగానే అవి ఇల్లంతా, తోటంతా వ్యాపిస్తాయి. కాబట్టి ఒక్క మేకు కూడా పీకకముందే, సామాన్లు లోపల ఉండగానే మందు కొట్టాలి. 100 లీటర్ల నీటికి 2 కిలోల బ్లీచింగ్ పౌడరు, 300 గ్రాముల తడిపిన సున్నం కలపండి. 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల షెడ్డుకు ఇది సుమారుగా సరిపోతుంది. సామాన్లు ఎక్కువుంటే మరికొంత కావాలి. గోడలు, నేల, వాసాలు బాగా తడవాలి. మూట విప్పి చాలాకాలమైన పౌడరులో ఘాటు ఉండదు, అది దండగ. బ్లీచింగు ఇనుమును తింటుంది గనుక రేకులను, బోల్టులను తర్వాత మంచినీళ్లతో కడిగి, బోల్టులకు నూనె రాయండి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవడం మరవవద్దు. చంద్రికలకు అంటిన పట్టుపోగులను మంట చూపి కాల్చి, మందునీటితో తడిపి ఎండలో ఆరబెట్టాలి.

విప్పేముందు కరెంటు తీయించండి. పైన తీగలు పోతుంటే పొడవాటి రేకులను నిలబెట్టి మోయవద్దు. ప్రతి దూలానికి, వాసానికి రంగుతో నంబరు వేసుకోండి. ముందు రేకులు, తర్వాత వాసాలు, చివర దూలాలు దించాలి. రేకుల మీద నడిచేవారు కింద వాసం ఉన్నచోటనే, అంటే బోల్టుల వరుస మీదనే అడుగు వేయాలి. పాత ఆస్బెస్టాస్ రేకులు అడుగు వేస్తే విరుగుతాయి, కనుక నిచ్చెన పరిచి ఎక్కాలి. వాటిని రంపంతో కోయవద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

కొత్తచోటు నీరు నిలవని మెరక కావాలి. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా, కిటికీలు ఉత్తర దక్షిణాలుగా ఉంటే ఎండ తాకిడి తగ్గుతుంది. మన ప్రాంతంలో దొరికే రాతి కూసాలు కొయ్య గుంజల కంటే మేలు, చెదల బెడదే ఉండదు. చెదలకని క్లోర్‌పైరిఫాస్ వంటి మందు గుంతల్లో పోయడం చూస్తుంటాము. చెదలు చస్తాయి సరే, పట్టుపురుగు కూడా పురుగే కదా! రేకులు కప్పేటప్పుడు పైరేకు కిందిరేకు మీదికి కనీసం 6 అంగుళాలు రావాలి. పాత రంధ్రాలకు తారు వాషర్లు వేయండి.

గట్టిపడిన మట్టి కదా అని పాత నేలను తవ్వి కొత్త నేలకు పోయడం కొన్ని పల్లెల్లో అలవాటు. ఇది మాత్రం చేయవద్దు. పాతచోట 95 పాళ్ల సున్నపుపొడిలో 5 పాళ్ల బ్లీచింగ్ పౌడరు కలిపి, చదరపు మీటరుకు 200 గ్రాముల చొప్పున చల్లి వదిలేయండి.

కొత్త షెడ్డులో సామాన్లు సర్దాక, చాకీ పురుగులు తెచ్చుకునేముందు అదే మందునీరు మరొకసారి కొట్టి, కిటికీలు తెరిచి వాసన పోనివ్వాలి. శాఖ సబ్సిడీతో గాని, బ్యాంకు అప్పుతో గాని కట్టిన షెడ్డయితే, కదిలించకముందే మీ పట్టుపరిశ్రమ విస్తరణాధికారికి, బ్యాంకుకు అర్జీ ఇచ్చి, ముట్టినట్లు సంతకం తీసుకుని దాచుకోండి.