నేత చీరకు నెట్టింట అంగడి

పోచంపల్లి ఇక్కత్‌లో రంగు అద్దేది బట్టకు కాదు, నూలుకు. ఆసు పోసి, చిటికి కట్టి, రంగులో ముంచాకే ఆ నూలు మగ్గమెక్కుతుంది. చిన్న నేత వ్యాపారికి ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కు ఇంతకన్నా మంచి సరుకు దొరకదు. పండగ ఆఫర్ల పోస్టర్లు ఎవరైనా పెడతారు. చీరను పగటి వెలుతురులో, తిరగేసి కూడా ఫొటో తీయాలి. అచ్చు వేసిన బట్ట వెనకవైపు సాధారణంగా వెలిసినట్టుంటుంది, అసలు ఇక్కత్ రెండువైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఈ తేడాను వివరంగా రాయడానికి బ్లాగే తగిన చోటు. రీల్ కొద్ది రోజుల్లో మరుగున పడుతుంది. మంచి వ్యాసం గూగుల్‌లో వెతికేవారికి ఏళ్ల తరబడి దొరుకుతుంది.

2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ ఉచితమే. ధర, పంపే ఖర్చు అక్కడే రాయాలి. అడిగితేనే ధర చెబుతామంటే చాలామంది అడగకుండానే వెళ్లిపోతారు.